విమానం టికెట్ కన్నా సరిహద్దుల వరుసే ముఖ్యం: పలు దేశాల యాత్రకు అసలు లెక్క

క్లుప్తంగా: భారతీయ పాస్‌పోర్టుతో ఒకే ప్రయాణంలో రెండు మూడు దేశాలు తిరిగేవారికి ఖర్చును పెంచేది దూరం కన్నా దాటే సరిహద్దులే. వీసా రుసుము మనిషికి ఇంత అని ఉంటుంది. రోజులు తగ్గించుకున్నా అది తగ్గదు. ఏ దేశం ముందు, ఏ దేశం తర్వాత అన్నది కుదిరితే అదే డబ్బుతో మరికొన్ని రోజులు గడపవచ్చు. కుదరకపోతే ఒకే దేశానికి రెండుసార్లు వీసా డబ్బు కట్టాల్సి వస్తుంది.

హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌కు టికెట్ చవకగా దొరికిందంటే ఇంట్లో ఒక చర్చ మొదలవుతుంది. అంత దూరం వెళ్తున్నప్పుడు పక్కనున్న వియత్నాం, కంబోడియా కూడా చూసి రాకూడదా? పటం చూస్తే ఆ కోరిక సహేతుకమే. బ్యాంకాక్ నుంచి హో చి మిన్ నగరానికి విమానంలో గంటన్నర చాలు. విజయవాడ నుంచి తిరుపతికి రైలులో పట్టే సమయం అంతకన్నా చాలా ఎక్కువ.

చిక్కు పటంలో లేదు, పాస్‌పోర్టులో ఉంది. జర్మన్ పాస్‌పోర్టు ఉన్న వ్యక్తికి థాయ్‌లాండ్, వియత్నాం రెండూ వీసా లేకుండానే తలుపులు తెరుస్తాయి. భారతీయ పాస్‌పోర్టుకు మొదటిది తెరుచుకుంటుంది, రెండోదానికి ముందే దరఖాస్తు చేసి డబ్బు కట్టాలి. ఇంటర్నెట్‌లో దొరికే 'తక్కువ ఖర్చుతో ఆగ్నేయాసియా' ప్రణాళికల్లో చాలావరకు పాశ్చాత్య దేశాల యాత్రికులు రాసుకున్నవే. వాటిని మక్కికి మక్కి అనుసరిస్తే మనవారి ఖర్చు తడిసి మోపెడవుతుంది.

## రోజుకు కాదు, గడపకు ఇంత

హోటల్, భోజనం, స్థానిక రవాణా ఖర్చులు రోజులను బట్టి మారతాయి. వీసా రుసుము అలా మారదు. రెండు రోజులున్నా ఇరవై రోజులున్నా అదే మొత్తం. సరిహద్దు దాటడానికి వెచ్చించే సమయం కూడా అంతే. గది ఖాళీ చేసి, విమానాశ్రయానికి వెళ్లి, వరుసలో నిలబడి, కొత్త ఊరిలో సిమ్ కార్డు, డబ్బు మార్పిడి చూసుకునేసరికి ఒక పూట సులువుగా గడిచిపోతుంది. పది రోజుల సెలవులో నాలుగు దేశాలు పెట్టుకుంటే రెండు రోజులు దారిలోనే పోతాయి. ఆ రెండు రోజులకూ హోటల్ డబ్బు కట్టినట్టే.

నలుగురున్న కుటుంబాన్ని తీసుకుందాం: తల్లిదండ్రులు, పద్నాలుగేళ్ల అమ్మాయి, తొమ్మిదేళ్ల అబ్బాయి. డాలరును స్థూలంగా 90 రూపాయలు, యూరోను 100 రూపాయలు అనుకుందాం. థాయ్‌లాండ్, మలేసియాలకు వీసా ఖర్చు సున్నా. దానికి వియత్నాం కలిపితే ఒక్కసారి ప్రవేశానికి మనిషికి 25 డాలర్ల చొప్పున 100 డాలర్లు, అంటే 9,000 రూపాయలు. కంబోడియా కలిపితే పర్యాటక వీసాకు మనిషికి 30 డాలర్ల చొప్పున మరో 10,800. బాలి కూడా చూడాలనుకుంటే విమానాశ్రయంలో ఇచ్చే వీసాకు ఒక్కొక్కరికి 5 లక్షల ఇండోనేసియా రూపియాలు. 2024 ఫిబ్రవరి నుంచి వసూలు చేస్తున్న పర్యాటక సుంకం మరో లక్షా 50 వేల రూపియాలు. నలుగురికీ కలిపి 14 వేల రూపాయలకు పైనే. మూడు దేశాలు అదనంగా చేర్చినందుకు, ఒక్క పూట భోజనం కూడా చేయకముందే, 33 వేల రూపాయలకు పైగా అయిపోతుంది. థాయ్‌లాండ్‌లో సాధారణ హోటల్‌లో ఆ కుటుంబం చాలా రాత్రులు గడపగలిగే డబ్బు అది.

## వరుస తప్పితే రెండోసారి కట్టాలి

వియత్నాం 2023 ఆగస్టు 15 నుంచి ఇ-వీసా గడువును 90 రోజులకు పెంచింది. ఒక్కసారి ప్రవేశానికి 25 డాలర్లు, ఎన్నిసార్లయినా వచ్చి వెళ్లడానికి 50 డాలర్లు. ఇప్పుడు ఒక మామూలు ప్రణాళిక చూడండి. హో చి మిన్ నగరంలో దిగడం, అక్కడి నుంచి బస్సులో కంబోడియా వెళ్లి అంగ్‌కోర్ వాట్ చూడడం, తిరుగు విమానం కోసం మళ్లీ హో చి మిన్ నగరానికి రావడం. రానూపోనూ టికెట్ చవకగా దొరికిందని ఇలా వేసుకుంటారు. కానీ 25 డాలర్ల వీసా మొదటి రోజే వాడేసినట్టు. తిరిగి రావడానికి 50 డాలర్లది కావాలి. నలుగురికి 100 డాలర్లు అదనం. టికెట్‌లో మిగిలిందనుకున్నది ఇక్కడ పోతుంది. ఈ సంగతి సరిహద్దు దగ్గర తెలిస్తే డబ్బుతో పాటు తిరుగు విమానం కూడా పోతుంది.

దీనికి మందు, ఒక ఊరిలో దిగి వేరే ఊరి నుంచి తిరిగి వచ్చే టికెట్. చవక విమాన సంస్థలు వెళ్లే టికెట్‌కు, వచ్చే టికెట్‌కు విడివిడిగా ధర కడతాయి కాబట్టి అలా తీసుకున్నా పెద్దగా నష్టం ఉండదు. పెద్ద సంస్థల్లోనైతే విడి టికెట్లు కొనకుండా, బహుళ నగరాల పద్ధతిలో ఒకే బుకింగ్‌గా వెతకాలి. ఉత్తరాన హనోయ్‌లో దిగి, దక్షిణానికి వస్తూ, చివరన కంబోడియా చూసుకుని అటు నుంచి అటే వచ్చేస్తే వియత్నాంకు ఒక్క ప్రవేశమే సరిపోతుంది.

హైదరాబాద్ నుంచి బ్యాంకాక్‌కు, కౌలాలంపూర్‌కు నేరుగా విమానాలున్నాయి. అందువల్ల బ్యాంకాక్‌లో దిగి కౌలాలంపూర్ నుంచి రావడం తెలుగు రాష్ట్రాల వారికి బాగా కుదిరే మార్గం. మధ్యలో విమానం కూడా అక్కర్లేదు. బ్యాంకాక్‌లోని క్రుంగ్ థెప్ అఫివట్ స్టేషన్‌లో మధ్యాహ్నం తర్వాత బయలుదేరే స్లీపర్ రైలు మర్నాడు ఉదయానికి మలేసియా సరిహద్దులోని పాదంగ్ బేసార్ చేరుస్తుంది. రెండు దేశాల తనిఖీలూ ఆ స్టేషన్‌లోనే పూర్తవుతాయి. అక్కడి నుంచి మలేసియా విద్యుత్ రైలు ఐదారు గంటల్లో కౌలాలంపూర్ చేరుతుంది. పాదంగ్ బేసార్ నుంచి లోకల్ రైలులో బటర్‌వర్త్ వెళ్తే ఎదురుగా పెనాంగ్ ద్వీపం. ఒక రాత్రి హోటల్ ఖర్చు మిగులుతుంది, సామాను బరువుకు విమాన సంస్థ వేసే రుసుమూ ఉండదు. బెర్తులు మాత్రం ముందే చేయించుకోవాలి. గడియారాన్ని కూడా మలేసియాలో ఒక గంట ముందుకు జరపాలి.

లావోస్‌లోనూ రైలు దారి సులువైంది. 2021 డిసెంబరులో మొదలైన లావోస్-చైనా రైలు వల్ల వియాంటియాన్ నుంచి లుఆంగ్ ప్రబాంగ్‌కు రెండు గంటల్లోపే చేరవచ్చు. అంతకుముందు కొండదారిలో బస్సుకు దాదాపు రోజంతా పట్టేది. 2024 జులై నుంచి బ్యాంకాక్-వియాంటియాన్ మధ్య కూడా రైలు నడుస్తోంది.

సింగపూర్ విషయంలో ఒక జాగ్రత్త అవసరం. కౌలాలంపూర్ నుంచి బస్సులో ఆరేడు గంటల దూరమే అయినా భారతీయులకు ముందస్తు వీసా కావాలి. దరఖాస్తు రుసుము 30 సింగపూర్ డాలర్లు, అధీకృత ఏజెంట్ల ద్వారా చేసుకోవాలి, ఏజెంటు ఛార్జీ దానికి అదనం. రెండు వేర్వేరు టికెట్లు కొని సింగపూర్‌లో విమానం మారాలనుకునేవారికి కూడా ఇది అడ్డం పడవచ్చు. బ్యాగు తీసుకుని మళ్లీ అప్పగించాలంటే ఇమిగ్రేషన్ దాటాలి, దానికి వీసా ఉండాలి. అదే పని కౌలాలంపూర్‌లో చేస్తే వీసా సమస్య రాదు. బ్యాంకాక్‌లో మరో చిక్కు ఉంది. చవక విమానాలు ఎక్కువగా డాన్ మువాంగ్ నుంచి, మిగతావి సువర్ణభూమి నుంచి నడుస్తాయి. రెండింటి మధ్య నగరమంతా దాటాలి.

## షెంగెన్: ప్రవేశం ఖరీదు, లోపల తిరుగుడు ఉచితం

యూరప్‌లో లెక్క దీనికి పూర్తిగా తలకిందులు. షెంగెన్ అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి. ఆ వీసా రుసుము 2024 జూన్ 11న 80 నుంచి 90 యూరోలకు పెరిగింది. ఆరు నుంచి పన్నెండేళ్లలోపు పిల్లలకు 45, ఆరేళ్లలోపు వారికి ఉచితం. పై కుటుంబానికి 315 యూరోలు, అంటే 31,500 రూపాయలు. దరఖాస్తు కేంద్రం సేవా రుసుము, కనీసం 30,000 యూరోల వైద్య బీమా, ఆ కేంద్రానికి వెళ్లి రావడానికి అయ్యే ఖర్చు అదనం. తిరస్కరిస్తే రుసుము వెనక్కి రాదు. 2024లో భారత్ నుంచి సుమారు 11 లక్షల దరఖాస్తులు వెళ్లగా వాటిలో ఇంచుమించు 15 శాతం తిరస్కరణకు గురయ్యాయి.

కానీ ఒకసారి లోపలికి వెళ్లాక రెండో దేశానికి, ఐదో దేశానికి అదనపు వీసా ఖర్చు లేదు. క్రొయేషియా 2023లో చేరింది, 2025 జనవరి 1 నుంచి రొమేనియా, బల్గేరియా పూర్తిగా కలిశాయి. మొత్తం 29 దేశాలు. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులు మించకూడదన్నదే పరిమితి, అదీ వీసాలో ఇచ్చిన రోజులకు లోబడి. కాబట్టి ఆగ్నేయాసియాలో దేశాలు తగ్గించుకోవడం పొదుపు అయితే, యూరప్‌లో రోజులు పెంచుకోవడం పొదుపు. ఐదు రోజుల యూరప్ యాత్ర కన్నా పదిహేను రోజుల యాత్రలో రోజుకు పడే ఖర్చు బాగా తగ్గుతుంది. వీసా, విమానం అనే రెండు పెద్ద మొత్తాలు అప్పుడు పదిహేను రోజులకు పంచుకుంటాయి.

ఖర్చు ఎక్కడ తగ్గుతుందంటే మధ్య యూరప్‌లో. ప్రేగ్, వియన్నా, బ్రాటిస్లావా, బుడాపెస్ట్ మధ్య రైలులో సులువుగా తిరగవచ్చు. ప్రేగ్ నుంచి వియన్నాకు నాలుగు గంటలు, వియన్నా నుంచి బ్రాటిస్లావాకు గంట, బుడాపెస్ట్‌కు రెండున్నర గంటలు. వియన్నాను పక్కనబెడితే మిగతా ఊళ్లలో గది, భోజనం పారిస్, జ్యూరిక్‌ల కన్నా చాలా చవక. అయితే చెక్ దేశంలో కొరునా, హంగరీలో ఫోరింట్ నడుస్తాయి. చేతిలో యూరో నోట్లు పెట్టుకుని అక్కడ మార్చుకుంటే రెండుసార్లు మారకపు నష్టం భరించాలి.

దరఖాస్తు ఏ దేశానికి చేయాలన్న దానిపైనే ఎక్కువ తికమక కనిపిస్తుంది. నియమం సూటిగానే ఉంది: ఎక్కువ రాత్రులు ఉండే దేశానికి చేయాలి, రాత్రులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. అపాయింట్‌మెంట్ తొందరగా దొరుకుతోందని ఒక దేశానికి దరఖాస్తు చేసి, హోటల్ బుకింగులు చూపించి రద్దు చేసుకుని, సెలవంతా వేరే దేశంలో గడపడం ప్రమాదం. సరిహద్దులో ప్రశ్నలు ఎదురవుతాయి, తర్వాతి దరఖాస్తుకూ అది మచ్చ. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు కాబట్టి ఆ దొడ్డిదారి అవసరమే ఉండకూడదు.

మధ్యలో లండన్ చూసి మళ్లీ పారిస్ రావాలనుకునేవారు రెండు విషయాలు గమనించాలి. బ్రిటన్‌కు విడిగా వీసా ఉండాలి, షెంగెన్ వీసా కూడా బహుళ ప్రవేశాలది అయి ఉండాలి. ఐర్లాండ్, సైప్రస్ యూరోపియన్ యూనియన్‌లో ఉన్నా షెంగెన్‌లో లేవు. స్విట్జర్లాండ్ యూనియన్‌లో లేకున్నా షెంగెన్‌లో ఉంది.

క్రమశిక్షణగా తిరిగినవారికి ఒక ప్రయోజనం కూడా ఉంది. 2024 ఏప్రిల్‌లో యూరోపియన్ కమిషన్ భారతీయుల కోసం ప్రత్యేక ఏర్పాటు తెచ్చింది. గత మూడేళ్లలో రెండు వీసాలు పొంది, వాటిని నిబంధనల ప్రకారం వాడినవారికి రెండేళ్ల బహుళ ప్రవేశ వీసా, ఆ తర్వాత ఐదేళ్లది ఇవ్వవచ్చు. అంటే మొదటి రెండు యాత్రల ఖర్చులో కొంత భాగం భవిష్యత్తుకు పెట్టుబడి.

## అమెరికా వీసా ఉన్న ఇళ్లకు మరో దారి

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పిల్లలు ఉన్న తెలుగు తల్లిదండ్రుల పాస్‌పోర్టుల్లో పదేళ్ల అమెరికా సందర్శక వీసా ఉండటం ఇప్పుడు మామూలు విషయం. అది అమెరికాకే పనికొస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి చెల్లుబాటులో ఉన్న ఆ వీసా ఆధారంగా యూఏఈ భారతీయులకు విమానాశ్రయంలోనే వీసా ఇస్తుంది. తుర్కియేకు (టర్కీ) ఇ-వీసా తీసుకోవచ్చు, మెక్సికో వెళ్లవచ్చు. అర్హమైన రాకపోకల మధ్య సింగపూర్‌లో 96 గంటల వరకు వీసా లేకుండా ఆగవచ్చు. అమెరికా ప్రయాణంలో విమానం ఎలాగూ దుబాయ్, అబుధాబి, ఇస్తాంబుల్ లాంటి చోట్ల మారుతుంది. అక్కడ మూడు రోజులు ఆగేలా అదే టికెట్‌ను తీసుకుంటే, విడిగా ఒక విదేశీ యాత్రకు అయ్యే విమాన ఖర్చు మిగులుతుంది. వయసు మీదపడినవారికి ఇరవై గంటల ప్రయాణాన్ని రెండుగా విడగొట్టడం ఆరోగ్యానికీ మేలు. ఇంత అనువైన వెసులుబాటు చేతిలో ఉండి వాడుకోకపోవడం నిజంగా నష్టమే.

## డబ్బు ఎక్కడ కారుతుంది

మామూలు క్రెడిట్ కార్డుతో విదేశాల్లో చెల్లిస్తే బ్యాంకు సాధారణంగా 3.5 శాతం దాకా మారకపు రుసుము వేస్తుంది, దానిపై 18 శాతం జీఎస్టీ. లక్ష రూపాయలకు 4,130 రూపాయలు. ఈ రుసుము లేని కార్డులూ ఉన్నాయి. దుకాణంలో యంత్రం 'రూపాయల్లో కట్టమంటారా' అని అడిగితే వద్దనాలి. స్థానిక కరెన్సీలోనే కట్టాలి. రూపాయల్లో చూపే మొత్తంలో వారి లాభం కలిపి ఉంటుంది. థాయ్‌లాండ్ ఏటీఎంలు విదేశీ కార్డుపై ఒక్కో విత్‌డ్రాకు 200 బాట్లకు పైగా తీసుకుంటాయి. పదిసార్లు కొద్దికొద్దిగా తీసేవారు రెండు వేల బాట్లు ఊరికే వదులుకున్నట్టు. సింగపూర్, యూఏఈ, శ్రీలంక, మారిషస్, నేపాల్ వంటి చోట్ల యూపీఐ కొంతవరకు నడుస్తోంది, కానీ దాన్నే నమ్ముకుని బయలుదేరకూడదు.

ఏజెంటు దగ్గర ప్యాకేజీ కొంటే మూలం వద్ద వసూలు చేసే పన్ను, అంటే టీసీఎస్ పడుతుంది. 2023 అక్టోబరు నుంచి ఇది ఒక పరిమితి దాకా 5 శాతం, ఆపైన 20 శాతంగా ఉండేది. 2026 బడ్జెట్‌లో విదేశీ యాత్రా ప్యాకేజీలకు మొత్తంతో నిమిత్తం లేకుండా 2 శాతానికి తగ్గించారు. ఇది అదనపు ఖర్చు కాదు, ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు లేదా వెనక్కి పొందవచ్చు. ఒట్టి విమాన టికెట్ గానీ, ఒట్టి హోటల్ గానీ కొంటే అది ప్యాకేజీ కిందికి రాదు.

## సడలింపులు ఎందుకు వస్తున్నాయి, ఎందుకు పోతున్నాయి

2019లో థాయ్‌లాండ్‌కు దాదాపు 4 కోట్ల మంది విదేశీయులు వచ్చారు. వారిలో కోటికి పైగా చైనీయులే. కోవిడ్ తర్వాత ఆ ప్రవాహం మునుపటిలా రాలేదు. ఖాళీ అయిన గదులను నింపడానికి పొరుగునున్న మరో పెద్ద దేశం కావాల్సి వచ్చింది. 2023 నవంబరులో థాయ్‌లాండ్, డిసెంబరు 1 నుంచి మలేసియా భారతీయులకు వీసా ఎత్తివేయడం వెనుక ఉన్న కారణం ఇదే. థాయ్‌లాండ్ 2024 జులైలో బసను 60 రోజులకు పెంచింది, తర్వాత దాన్ని తగ్గించాలన్న చర్చ కూడా అక్కడ మొదలైంది. మలేసియా సడలింపును 2026 చివరి దాకా పొడిగించింది. ఫిలిప్పీన్స్ 2025 జూన్‌లో భారతీయులకు 14 రోజుల వీసా రహిత ప్రవేశం ఇచ్చింది.

అవసరం కోసం ఇచ్చినది అవసరం తీరాక వెనక్కి పోవచ్చు. 2024 ఫిబ్రవరిలో భారతీయులకు వీసా మినహాయించిన ఇరాన్, ఉద్యోగాల ఆశ చూపి మనవారిని అక్కడికి రప్పించి అపహరించిన ఘటనల తర్వాత 2025 నవంబరు 22 నుంచి దాన్ని నిలిపేసింది. రాజకీయాలూ దారులు మూస్తాయి. అంగ్‌కోర్ వాట్‌కు బ్యాంకాక్ నుంచి అందరూ వెళ్లే రోడ్డు మార్గం అరణ్యప్రథేట్-పోయ్‌పెట్. థాయ్-కంబోడియా ఉద్రిక్తతలతో ఆ సరిహద్దు దారులు 2025 జూన్ నుంచి మూతపడ్డాయి. జులైలో, మళ్లీ డిసెంబరులో సైనిక ఘర్షణలు జరిగాయి. ఆ దారిని నమ్ముకుని ముందే హోటళ్లకు డబ్బు కట్టినవారికి విమానం తప్ప గత్యంతరం లేకపోయింది. రెండు దేశాల మధ్య రోడ్డు ప్రయాణం పెట్టుకున్నప్పుడు రద్దు చేసుకోగల గదులనే తీసుకోవాలనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

వీసా లేకపోయినా పత్రాలు ఉంటాయన్నది మరో విషయం. 2025 మే 1 నుంచి థాయ్‌లాండ్‌కు చేరడానికి ముందు మూడు రోజుల్లోపు డిజిటల్ రాక కార్డు నింపాలి. మలేసియాకూ అలాంటిదే ఉంది. రెండూ ప్రభుత్వ సైట్లలో ఉచితం. వాటికి డబ్బు అడిగే సైటు ఏదైనా నకిలీయో దళారీయో అయి ఉంటుంది.

## మన విమానాశ్రయంలోనే ఎదురయ్యే ప్రశ్నలు

కంబోడియా, మయన్మార్, లావోస్‌లలోని సైబర్ మోసాల కేంద్రాలకు తెలుగు యువకులను కూడా ఏజెంట్లు తరలించారు. 2024లో విశాఖపట్నం పోలీసులు ఇలాంటి ముఠాను పట్టుకున్నారు. బాధితుల్లో చాలామంది వెళ్లింది పర్యాటక వీసాలపైనే. అందుకే ఆ దేశాలకు మొదటిసారి, ఒంటరిగా వెళ్లే యువకులను ఇక్కడి ఇమిగ్రేషన్ అధికారులు ఎక్కువగా ప్రశ్నిస్తున్నారు. ఆ ప్రశ్నలు అవమానించడానికి కాదు, వాటి వెనుక నిజమైన ప్రాణ నష్టాలున్నాయి. తిరుగు టికెట్, ప్రతి రాత్రికీ బస వివరాలు, ఉద్యోగం లేదా చదువు ఆధారం, ఖర్చుకు సరిపడా డబ్బు ఉన్నట్టు రుజువు కాగితంపై ఉంటే సంభాషణ త్వరగా ముగుస్తుంది.

పేరు విషయం తెలుగువారికి ప్రత్యేకంగా ముఖ్యం. ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు ఒకే గడిలో ఉన్న పాస్‌పోర్టులు మన దగ్గర ఎక్కువ. ఒకే పదం పేరుగా ఉండి ఇంటిపేరు లేనివారిని పర్యాటక వీసాపై అనుమతించబోమని యూఏఈ 2022 నవంబరులో ప్రకటించింది. ఇ-వీసాలో ఒక్క అక్షరం తేడా వచ్చినా విమానం ఎక్కనివ్వకపోవచ్చు. దరఖాస్తులో పేరును పాస్‌పోర్టు అడుగున ఉండే రెండు వరుసల్లో ఉన్న క్రమంలోనే నింపడం క్షేమం.

పదో తరగతి పూర్తి చేయని చాలామంది పాస్‌పోర్టుపై ఈసీఆర్ ముద్ర ఉంటుంది, అంటే కొన్ని దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలని. గల్ఫ్‌కు వలస వెళ్లిన కుటుంబాలున్న కరీంనగర్, కోనసీమ, కడప ప్రాంతాల్లో ఇది బాగా పరిచయమైన మాట. మలేసియా, థాయ్‌లాండ్, ఇండోనేసియా కూడా ఈసీఆర్ జాబితాలో ఉండటంతో అలాంటి పాస్‌పోర్టుతో అక్కడికి విహారయాత్రకు వెళ్లకూడదన్న అపోహ ఉంది. ఆ అనుమతి ఉద్యోగం కోసం వెళ్లేవారికే అవసరం, పర్యాటకులకు కాదు. కుటుంబంతో వెళ్తున్న అమ్మ పాస్‌పోర్టుపై ఆ ముద్ర ఉంటే, ఆమె తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ ప్రతులు కొడుకు ఫోనులో కాకుండా ఆమె చేతి సంచిలోనే ఉండాలి. కౌంటర్ దగ్గర ప్రయాణికులు ఒక్కొక్కరుగా నిలబడాల్సి రావచ్చు.